మూడో దూలం మీది కన్ను

పెన్నేటి వరద జమ్మలమడుగు కాజ్‌వేను ఎత్తుకుపోయిన తర్వాత మూడో ఏడు. ఆ ఏడు శనక్కాయ బాగా పండింది. మనుషులే తొందరగా రాలిపోయారు.

పులివెందుల నుంచి లింగాలకు పోయే దారిలో సిమెంటు రేకులకు రాతినార ఆడించే మిల్లు ఒకటి మూతబడి ఉంది. అందులో ఒక సోమవారం పొద్దున శవం దొరికింది. పేరు వెంకటేశు. ఊళ్లో వాళ్ల లెక్కకు పాత ఇనుము కొనేవాడు. ఢిల్లీ ఫైలు లెక్కకు ఏజెంట్ 31. ఒకటే కత్తిపోటు. మెడలో కెమెరా అలాగే ఉంది. దాని వెనక మూత తెరిచి, పేగు లాగినట్టు ఫిల్ము లాగి ఎండలో పడేశారు. ఎండ తగిలిన ఫిల్ములో ఏమీ మిగలదు. చంపినవాళ్లకు ఆ పని తెలుసు.

వాళ్లకు తెలియనిది ఒకటుంది. వెంకటేశు ఒక ఫ్రేము ముందే కత్తిరించి, నల్లకాగితంలో చుట్టి, చెప్పు అట్టల మధ్య దాచాడు.

వారం తిరిగింది. హైదరాబాదులో బోర్డు లేని ఒక ఆఫీసు. చీఫ్ ఢిల్లీ మనిషి. ఎదురుగా ప్రేమానందం నిలబడ్డాడు. ఏజెంట్ 19. ముప్పై ఎనిమిదేళ్లు. మాటలు తక్కువ.

"నువ్వు ఎక్కడ పుట్టావు?"

"జమ్మలమడుగు. మిషన్ ఆస్పత్రిలో."

"అందుకే నువ్వు. లింగాల కొండల కింద ఒక ఖనిజం ఉంది. వచ్చే నెల సర్వే టీము దిగుతుంది. అది దిగకూడదని ఒక విదేశీ ముఠా పని చేస్తోంది. కోడ్ నేమ్ క్వారీ. ఊళ్లు తగలబడుతుంటే సర్వే జరగదు. అదీ వాళ్ల ప్లాన్."

"ఆ ఊళ్లు ఎప్పుడూ తగలబడుతూనే ఉన్నాయి కదా సార్."

"ఇప్పుడు ఆరుతున్నాయి. వాళ్ల బాధ అదే."

నిజమే. లింగాల వైపు పెద్దసుబ్బమ్మ, జమ్మలమడుగు వైపు ఓబయ్య. ఆమెది ఒక పార్టీ, ఆయనది ఒక పార్టీ. పదహారేళ్లలో ఇరవై రెండు శవాలు లేచాయి. ఇప్పుడు ఇద్దరూ రాజీకి ఒప్పుకున్నారు. శుక్రవారం పదకొండు గంటలకు, ప్రొద్దుటూరు–జమ్మలమడుగు రోడ్డు మీద మూతబడ్డ పత్తి జిన్నింగ్ మిల్లులో చేతులు కలుపుతారు. అది ఎవరి ఊరూ కాదు, ఎవరి పొలమూ కాదు. అందుకే ఆ చోటు.

చీఫ్ ఒక ఇంగ్లీషు కాగితం ముందుకు తోశాడు. వెంకటేశు చెప్పులో దొరికిన ఫ్రేము ఒక తెలుగు చీటీకి తీసిన ఫోటో. ఢిల్లీలో డిక్షనరీ ముందు పెట్టుకుని దాన్ని ఇంగ్లీషు చేశారు. శుక్రవారం పదకొండుకు రెండు దీపాలు కొండ ఎక్కుతాయని ఉంది.

"సిగ్నల్ ల్యాంపులు," అన్నాడు చీఫ్. "ఆయుధాలు దించుతారు. మీ దగ్గర కొండంటే గండి కొండే కదా. జిల్లాలో ఉన్న రిజర్వ్ ఫోర్స్ అంతా గండిలో ఉంటుంది. మిగతా ముఠాను నువ్వు కనిపెట్టు."

మైక్రోకెమెరా ఉన్న లైటరు ఒకటి, మడమలో ట్రాన్స్‌మిటర్ ఉన్న బూట్లు ఒక జత, వెంకటేశు నెగెటివ్‌కు కాపీ ఒకటి ఇచ్చారు. ప్రేమానందం ఇంగ్లీషు కాగితం చదివాడు. నెగెటివ్‌ను పర్సులో పెట్టుకున్నాడు. దీపం వెలుగుకు ఎత్తి చూడలేదు. ఈ కేసులో అతను చేసిన పెద్ద తప్పు అదే.

"ముఠా లోపల మన మనిషి ఉంది," అన్నాడు చీఫ్ చివరగా. "అరుణకుమారి. కోడ్ గుర్తుపెట్టుకో. 'ఈ మిల్లుకు ఎన్ని కిటికీలు' అని నువ్వు అడగాలి. 'పావురాలనడగండి' అని ఆమె చెబుతుంది."

*

వేషం సులువైనదే. బ్యాంకు వేలం వేసే మూతబడ్డ మిల్లులకు ఫోటోలు తీసే మనిషి. మెడలో పాత కెమెరా, భుజాన ఫ్లాష్, సంచిలో ఇరవై రోళ్ల ఫిల్ము.

మంగళవారం రాతినార మిల్లులో అడుగు పెట్టగానే నలుగురు చుట్టుకున్నారు. సుబ్బమ్మ మనుషులు. వేటకొడవళ్లు దాచే పని కూడా పెట్టుకోలేదు.

"ఎవురు నువ్వు?"

"బ్యాంకు ఫోటోగ్రాఫరును."

"కూలిపోయిన గోడకు ఫోటో ఏందప్పా? బతికినోళ్లనే తీసేవాడు లేడు."

"కూలిపోయింది కదలదు. ఫోటో బాగా వస్తుంది."

"మేం కూడా కదలకుండా చేస్తాం, తీస్తావా?" అన్నాడు ఇంకొకడు. ఎవరూ నవ్వలేదు.

సంచి కింద గుమ్మరించారు. ఒకడికి లైటరు నచ్చింది. బీడీ నోట్లో పెట్టుకుని మూడుసార్లు నొక్కాడు. నొక్కినప్పుడల్లా డిపార్ట్‌మెంట్ ఫిల్ము మీద అతని ముక్కు పడింది గాని మంట రాలేదు. "పనికిమాలిన సరుకు," అని బావిలోకి విసిరాడు. బూట్లు ఇంకొకడికి సరిపోయాయి. ఢిల్లీ ఇచ్చిన గ్యాడ్జెట్ల కథ అక్కడితో సరి.

అప్పుడు తెల్ల అంబాసిడర్ వచ్చి ఆగింది. ఆకుపచ్చ సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు, చేతిలో వ్యానిటీ బ్యాగు. ఆ దుమ్ములో ఆమె చీర మీద ఒక్క మరక లేదు. ఆమెను చూడగానే నలుగురూ దారి ఇచ్చారు.

"మద్రాసు పత్రికావిడ. శుక్రవారం ఫోటోల ఏర్పాటంతా ఆమెదే," అని ఒకడు గొణిగాడు.

ప్రేమానందం వట్టి కాళ్లతో నిలబడి అడిగాడు. "ఈ మిల్లుకు ఎన్ని కిటికీలు?"

"పావురాలనడగండి," అంది అరుణకుమారి. కళ్లద్దాలు తీయలేదు.

మర్నాడు ఆమే అతన్ని జిన్నింగ్ మిల్లుకు తీసుకుపోయింది. పెద్ద హాలు. రేకుల కప్పు. ఇనుప దూలాలు. గోడల వెంట తుప్పు పట్టిన జిన్నింగ్ మిషన్లు వరసగా ఉన్నాయి. పదేళ్ల కిందటి దూది ఇంకా మూలల్లో నల్లగా అంటుకుని ఉంది. పగలే చీకటి.

"తీసుకోండి మీ ఫోటోలు. నేను బయట ఉంటాను. ఈ దుమ్ము నాకు పడదు," అంది ఆమె.

ప్రేమానందం నొక్కాడు. ఫ్లాష్ వెలగలేదు. మళ్లీ నొక్కాడు. వెలగలేదు. వైరు కుదిపి నొక్కితే వెలిగింది. తొందరలో చెయ్యి తగిలి కెమెరా స్పీడు డయల్ తిరిగింది, చూసుకోలేదు. పన్నెండు ఫోటోలు తీసి బయటికి వచ్చాడు.

"ఏమైనా కనిపించిందా?" అంది ఆమె.

"చీకటి."

ఆమె నవ్వింది. చాలా అందంగా నవ్వింది. ప్రేమానందానికి ఆ నవ్వు ఎందుకో సరిపడలేదు.

*

ప్రొద్దుటూరులో యూనుస్ దుకాణానికి బోర్డు లేదు. గుమ్మానికి చచ్చిన ఫ్లాష్‌లు నాలుగు వేలాడుతుంటాయి. అదే బోర్డు. అరవై దాటిన మనిషి. డిపార్ట్‌మెంట్ మనిషని ఇంట్లో వాళ్లకు కూడా తెలియదు.

గురువారం మధ్యాహ్నం ప్రేమానందం ఫ్లాష్‌ను బల్ల మీద పెట్టాడు.

"మా ఫ్లాష్‌కు జలుబు చేసింది."

"తుమ్ముతాందా, దగ్గుతాందా?"

"రెండుసార్లు తుమ్మలేదు. మూడోసారి తుమ్మింది."

కోడ్ సరిపోయింది. కాకపోతే ఫ్లాష్‌కు నిజంగానే జబ్బు. యూనుస్ దాన్ని తిప్పి చూశాడు.

"వెలగలేదంటే అందురూ ఫ్లాష్‌ను కొడతారు. సెల్లును తిడతారు. తప్పు శానాసార్లు ఈ వైరుది. మొన మాసిపోయుండాది చూడు." పెన్సిల్ వెనక రబ్బరుతో వైరు మొనను రుద్దాడు. నొక్కాడు. వెలిగింది. "అయిపాయ. దీనికి హైదరాబాద్ నుంచి రావల్లనా నువ్వు?"

డార్క్‌రూము చీకట్లో రోలు కడిగి ఎర్ర బల్బు వేశారు. తడి నెగెటివ్ పట్టుకుని యూనుస్ తల ఊపాడు.

"మొదటి రెండూ ఖాళీ. తర్వాతివన్నీ సగం ఖాళీ. షట్టరు స్పీడు రెండొందల యాభైలో పెట్టినావు. ఫ్లాష్ పెట్టినప్పుడు అరవై దాటకూడదని పెండ్లి ఫోటోలు తీసే ప్రతివాడికీ తెలుసు. సగం ఫోటో తీసే గూఢచారిని ఇప్పుడే చూస్తాండా."

 యూనుస్ ఉన్నట్టుండి ఆగిపోయాడు. తొమ్మిదో ఫ్రేమును ప్రింటు వేశాడు. ట్రేలో కాగితం మీద సగం హాలు మెల్లగా తేలింది.

"నీకాడ ఎన్ని ఫ్లాష్‌లుండాయి?"

"ఒకటే."

"మరి ఈ స్తంభానికి రెండు నీడలెట్ల వచ్చినాయి?"

ఒక నీడ స్తంభం వెనక్కి పడింది. అది సరే. రెండోది ముందుకు, కెమెరా వైపు పడింది. అంటే ఎదురుగా, పైనుంచి ఇంకో ఫ్లాష్ అదే క్షణంలో వెలిగింది. కెమెరా నొక్కిన ఆ క్షణం తీసేవాడి కంటికి చీకటే. అందుకే ప్రేమానందం చూడలేదు.

"స్లేవ్," అన్నాడు యూనుస్.  "అగ్గిపెట్టెంత ఉంటాది. దానికొక కన్ను. యాడన్నా ఫ్లాష్ మెరిస్తే ఆ కన్ను చూసి తన వైరులోకి కరెంటు వదుల్తాది. వైరు కొసన ఫ్లాష్ ఉంటే అదీ వెలుగుతాది."

"నిన్న నా ఫ్లాష్‌తో దాన్ని పరీక్షించారన్నమాట. రేపటికి ఆ ఫ్లాష్ తీసేసి డిటొనేటర్ పెడితే?"

యూనుస్ స్టూలు మీద కూర్చున్నాడు.

"పోయిన నెల ఒకామె తెచ్చింది. కన్ను ఇంకా చురుగ్గా కావల్లనింది. మద్రాసులో పెండ్లంట. నల్లద్దాలు, సిల్కు చీర." తన చేతులు చూసుకున్నాడు. "ఈ చేతుల్తోనే చేసిచ్చినానప్పా."

ప్రేమానందం పర్సులోంచి వెంకటేశు నెగెటివ్ తీశాడు. ప్రింటు వేశారు. ట్రేలో అక్షరాలు తేలాయి. యూనుస్ కూడబలుక్కుని చదివాడు.

"రెండు దీపాలూ శుక్రవారం పదకొండుకు కొండెక్కుతాయి." తలెత్తాడు. "ఎవుర్నో ఇద్దర్ని చంపుతారంట కదా."

ప్రేమానందం ప్రింటును తన వైపు తిప్పుకుని మళ్లీ చదివాడు. దీపం ఆరిపోయిందని నోటితో అనకూడదు. అశుభం. కొండెక్కిందంటారు. జమ్మలమడుగులో పుట్టిన ఎవడికైనా తెలిసిన మాట. ఇంగ్లీషు చేసేసరికి దీపాలకు కాళ్లొచ్చి కొండ ఎక్కాయి. వాటి వెంట జిల్లా పోలీసులంతా ఎక్కారు.

ట్రంకాల్ దొరకడానికి గంట పట్టింది.

"సార్, దీపం కొండెక్కడమంటే ఆరిపోవడం. సుబ్బమ్మనూ ఓబయ్యనూ రేపు మిల్లులో చంపుతారు. అరుణకుమారి వాళ్ల మనిషి."

"ఎక్కడమంటే ఎక్కడమే. డిక్షనరీ నా ముందుంది."

"డిక్షనరీ రాసినాయన ఇంట్లో కరెంటు ఉండి ఉంటుంది సార్."

"ఎవిడెన్స్ ఏముంది?"

"ఒక స్తంభానికి రెండు నీడలు."

ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

*

గురువారం పొద్దుగూకినప్పటి నుంచే మిల్లు చుట్టూ రెండు వైపుల మనుషులు కాపలా కూర్చున్నారు. శుక్రవారం పదిన్నర దాకా చీమను కూడా లోపలికి వదల్లేదు. గేటుకు ఎడమ పక్క సుబ్బమ్మ మనుషుల కొడవళ్లు కుప్ప పోశారు. కుడి పక్క ఓబయ్య మనుషులవి. నాటుబాంబుల బుట్టలు రెండూ ఇసుకలో దించి పెట్టారు. ఇద్దరు కానిస్టేబుళ్లు ఉన్నారు. ఇద్దరూ వీలైనంత దూరంగా ఉన్నారు.

లోపల ముప్పై మంది ఫోటోగ్రాఫర్లు. అరుణకుమారి సుద్దముక్కతో గీత గీసి అందర్నీ నిలబెట్టింది.

"చేతులు కలిపినప్పుడు అందరూ ఒకేసారి. ముందు ఎవరూ నొక్కొద్దు."

ప్రేమానందం తలెత్తాడు. రాత్రి ప్రింటు మీద స్కేలు పెట్టి నీడల వెంట గీతలు గీశాడు. గీతలన్నీ మూడో దూలం దగ్గర కలిశాయి. అక్కడే ఉంది. తుప్పు రంగు పూసిన చిన్న పెట్టె. మధ్యలో పెసరగింజంత మెరుపు. ఇరవై అడుగుల ఎత్తు. నిచ్చెన లేదు.

బాంబని అరవవచ్చు. అరిస్తే, ఎవరు పెట్టారని అడిగేవాడు ఆ హాలులో ఒక్కడూ లేడు. సుబ్బమ్మ మనుషులు ఓబయ్య పెట్టాడంటారు. ఓబయ్య మనుషులు సుబ్బమ్మ పెట్టిందంటారు. కొడవళ్ల కుప్పలు ముప్పై అడుగుల దూరంలోనే ఉన్నాయి. క్వారీకి కావలసింది బాంబు పేలకుండానే జరిగిపోతుంది.

వేదిక మీద పెద్దసుబ్బమ్మ కూర్చుంది. భర్తనూ పెద్దకొడుకునూ ఈ పదహారేళ్లలోనే పోగొట్టుకున్న మనిషి. మిగిలిన ఒక్క కొడుకు ఆమె కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. ఓబయ్య వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

"ముసిలోడివైనావే ఓబయ్యా," అంది ఆమె.

"నువ్వే చేసినావు వదినా."

"నా ఇంట్లో ఒక్క మొగోడూ ముసిలోడు కాలేదు. వీడన్నా కావల్ల. అందుకొచ్చినా. నీ మీద ప్రేమ పుట్టి రాలేదు."

"నాకు మాత్రం పుట్టిందా?"

ప్రేమానందం అప్పటికే బయటికి నడిచాడు. గుమ్మం పక్కన గోడలో విరిగిన వెంటిలేటరు ఉంది, అందులోంచి మూడో దూలం కనిపిస్తుంది. దానికి ఎదురుగా ఎండలో ఓబయ్య జీపు ఆగి ఉంది. స్లేవ్ కన్నుకు ఒక లోపం ఉంది. చీకట్లో మిణుగురును కూడా చూస్తుంది. ఎండ నేరుగా పడితే గుడ్డిది. ఎండ ముందర ఫ్లాష్ మెరుపు దానికి ఆనదు.

జీపు పక్క అద్దాన్ని రెండు చేతులా పట్టి తిప్పాడు. క్లాంపు విరిగింది. అద్దం చేతికొచ్చింది.

వెనక నుంచి ఒక చెయ్యి అతని కాలరు పట్టుకుంది. ఓబయ్య డ్రైవరు పాలయ్య. మనిషి గేదెలా ఉన్నాడు.

"ఏంరా, పట్టపగలు నా జీపుకే చెయ్యేస్తావా?"

"ఒక్క నిమిషం మామా. వెలుతురు చాల్లేదు. ఫోటోకు."

"ఫోటో లోపలైతే నువ్వు ఈడ ఏం చేస్తాండావు?"

ప్రేమానందం అద్దాన్ని ఎండకు పట్టాడు. తళుకు వెంటిలేటరు గుండా పోయి లోపలి గోడ మీద పడింది. అక్కడి నుంచి దూలం దాకా తీసుకుపోవాలి. మెల్లగా పోవాలి. టక్కున కన్ను మీద పడితే అదే ఫ్లాష్ అనుకుంటుంది. అంతటితో అందరి కథా ముగుస్తుంది.

తళుకు గోడ ఎక్కింది. మొదటి దూలం దాటింది.

పాలయ్య కాలరు గుంజాడు. తళుకు వణికింది. "అద్దమియ్యి అంటాండా."

"ఇస్తా మామా. నీ జీపు మీదొట్టు."

"నా జీపు మీద నువ్వు ఒట్టేసేదేంది?"

రెండో దూలం దాటింది. లోపల కుర్చీలు జరిగిన చప్పుడు వినిపించింది. ఇద్దరూ లేచారు. గుమ్మంలోంచి ఆకుపచ్చ చీర బయటికి వచ్చింది. అరుణకుమారి గబగబా నడిచి అంబాసిడర్ వెనక నిలబడింది. వ్యానిటీ బ్యాగు బానెట్ మీద పెట్టి, రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుంది.

పాలయ్య పిడికిలి ఎత్తాడు. ప్రేమానందం చూడలేదు. తళుకు అంచు పెట్టె మీదికి పాకింది. వెంట్రుకంత. ఇంకో వెంట్రుకంత. పెసరగింజ మెరుపు ఎండలో మునిగిపోయింది.

చేతులు కలిశాయి. ముప్పై ఫ్లాష్‌లు ఒక్కసారి మెరిశాయి.

పిడికిలి ప్రేమానందం వీపు మీద పడింది. మోకాళ్ల మీద పడ్డాడు గాని పైకెత్తిన చేతుల్లో అద్దం కదల్లేదు. ఫ్లాష్‌లు మళ్లీ మెరిశాయి. మళ్లీ మెరిశాయి. పావురాలు రెండు లేచిపోయాయి. అంతకు మించి ఏమీ జరగలేదు.

అంబాసిడర్ పక్కన స్కూటరు మీద కూర్చున్న యూనుస్ వంగి చూశాడు.

"చెవిలో చీమ దూరిందా తల్లీ?"

ఆమె చేతులు దించింది. బానెట్ మీద బ్యాగు కోసం తడిమింది. అందులో లిప్‌స్టిక్ పిస్టల్ ఉంది. యూనుస్ అప్పటికే దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. కారు తాళం కూడా అతని జేబులోనే ఉంది.

హాలు ఖాళీ అయ్యేదాకా ప్రేమానందం మోకాళ్ల మీదే ఉన్నాడు. పాలయ్య కాలరు వదల్లేదు. అద్దం పట్టుకున్న మనిషిని పిచ్చివాడనుకుని జనం తిట్టుకుంటూ పోయారు. చివరికి యూనుస్ రెండు బల్లలు ఒకదాని మీద ఒకటి వేసి ఎక్కి వైరు కత్తిరించాడు. వైరు రెండో కొస వేదిక పక్కనున్న జిన్నింగ్ మిషన్ కడుపులో దొరికింది. అక్కడ పన్నెండు జిలెటిన్ కడ్డీలు ఉన్నాయి.

కానిస్టేబుళ్లు అరుణకుమారిని కారు ఎక్కించారు. ఆమె కళ్లద్దాలు తీసి ప్రేమానందాన్ని మొదటిసారి సూటిగా చూసింది.

"అద్దం ఎవరి ఐడియా?"

"కడప ఎండది."

"మీ వాళ్లు మెడల్ ఇస్తారా?"

"ఫోటో ఏదని అడుగుతారు."

బాంబు సంగతి బయటికి రాలేదు. రానివ్వకూడదు. వచ్చిన రోజు రాజీ పోతుంది.

*

మరుసటి రోజు పొద్దున ప్రేమానందం కొత్త క్లాంపు, నాలుగు స్క్రూలు, ఒక స్క్రూడ్రైవరు తీసుకుని జమ్మలమడుగులో ఓబయ్య ఇంటికి పోయాడు. జీపు వీధిలో ఉంది. పాలయ్య స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రాత్రంతా నిద్ర లేదు. అద్దం లేని జీపంటే మాకు తల లేనట్లు. ఎనక ఎవురొస్తాండారో ఎట్ల తెలియల్ల?"

ప్రేమానందం అద్దం బిగించాడు.

"కిందికి. ఇంకా కిందికి. చాలు. ఫోటోలోడివంట, అద్దం పట్టుకునేది కూడా తెలీదు నీకు."

పాలయ్య అద్దంలోకి చూశాడు. వీధి కొస దాకా ఖాళీగా ఉంది. చాలాసేపు చూశాడు. తువ్వాలుతో అద్దం తుడిచి మళ్లీ చూశాడు.

"ఎవురూ రావడం లేదే," అన్నాడు. "నువ్వు సరిగ్గా బిగించినట్టు లేదప్పా."